అంగడి కాలిపోయిందా? ముందు ఆ బూడిద ఊడ్చకండి

తిరుపతిలో మా గాజుల అంగడి కాలింది తాతయ్యగుంట గంగమ్మ జాతరకి సరిగ్గా వారం ముందు. జాతర సరుకంతా దించుకుని ఉన్నాం, కింద చోటు చాలక మిద్దె మీద కూడా డబ్బాలు పేర్చాం. తెల్లారుజామున మూడింటికి పక్కంగడి వాచ్‌మన్ ఫోన్ చేసి, "అన్నా, మీ షట్టర్ కింద నుంచి పొగ వస్తా ఉంది, బిరీన రా నా" అన్నాడు. ఆ పొద్దు నుంచి ఇన్సూరెన్స్ కంపెనీతో, బిల్డింగ్ ఓనర్‌తో, బ్యాంకుతో దాదాపు మూడేళ్లు తిరిగాను. అలా తిరిగి నేర్చుకున్నదే ఇది. నేను ప్లీడరును కాను. మొత్తం పెద్దదైతే మంచి ప్లీడరును పెట్టుకోండి, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మనం ప్లీడరు గడప తొక్కేలోపే సగం కేసు అటో ఇటో అయిపోయి ఉంటుంది.

ఆ రాత్రి

101కి ఫోన్, మెయిన్ ఆఫ్ చేయించడం, మనుషుల్ని దూరంగా ఉంచడం, ఇవి ఎవరూ చెప్పక్కర్లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో ఫైరింజన్ దూరడమే కష్టం, 2023 జూన్‌లో అక్కడ ఫొటో ఫ్రేముల అంగడి తగలబడినప్పుడు ఊరంతా చూసిందే.

ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. మంట ఇంకా ఆరకముందే ముగ్గురు మీ దగ్గరికి వచ్చి "నష్టం ఎంత ఉంటుంది?" అని అడుగుతారు, ఫైర్ ఆఫీసర్, పోలీసు, పేపరాయన. తలకాయ పనిచేయని టైమ్‌లో నోటికొచ్చిన అంకె చెప్పేస్తాం. నేను "ఒక ఐదారు లక్షలు ఉంటుందేమో సార్" అన్నా. మూడు నెలల తర్వాత సర్వేయర్, అంటే నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఆయన, ఫైల్లోంచి పేపర్ కటింగ్ తీసి నా ముందు పెట్టాడు, "మీరే ఐదు లక్షలన్నారు కదా, ఇప్పుడు పంతొమ్మిది అడుగుతున్నారేంటి?" అని. ఆ కటింగ్‌కి జవాబు చెప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఎవరు అడిగినా "లెక్కలు చూసి రాతపూర్వకంగా ఇస్తాను" అనండి, అంతే. కారణం గురించి కూడా అంతే. "షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుంది, ఆ పాత వైరింగ్ మార్చమని అనుకుంటూనే ఉన్నా" లాంటి మాటలు ఇన్సూరెన్స్ వాళ్లకీ బిల్డింగ్ ఓనర్‌కీ మనమే చేతికిచ్చే ఆయుధాలు.

మొదటి మూడు రోజులు

కంపెనీకి టోల్‌ఫ్రీ నంబర్‌లో చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి, పాలసీ ఇచ్చిన బ్రాంచికి ఒక ఉత్తరం ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఏజెంటుకి చెప్పాం కదా అని ఊరుకోవద్దు, రేపు ఆయన "నాకు చెప్పలేదే" అంటే మీ దగ్గర ఏముంటుంది? అంగడి మీద బ్యాంకు లోన్ ఉంటే బ్యాంకుకి కూడా అదే రోజు రాయండి.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీయో, కనీసం జనరల్ డైరీ ఎంట్రీ నంబరో తీసుకోండి. ఫైర్ స్టేషన్‌లో రిపోర్టు కోసం అర్జీ పెట్టండి. కరెంటు వల్ల అని అనుమానం ఉంటే మీటరు, కాలిన వైర్లు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఒక అర్జీ పెట్టండి, ఆయన రిపోర్టుకి బరువు ఉంటుంది.

ఇక బూడిద. ఇంట్లో ఆడవాళ్లు అశుభం అంటారు, పక్కంగళ్ల వాళ్లు వాసన అంటారు, కార్పొరేషన్ వాళ్లు ట్రాక్టర్ పంపిస్తామంటారు, బిల్డింగ్ ఓనర్ అయితే మరీ తొందర. ఎవరేమన్నా సర్వేయర్ వచ్చి చూసి, ఫొటోలు తీసుకుని, "ఇక తీసేయొచ్చు" అని మెయిలో వాట్సాపో పెట్టేదాకా ఊడ్చకండి. మా సంగతే చూడండి. ప్లాస్టిక్ గాజులు మసైపోయాయి, మట్టి గాజులు కరిగి ముద్దలయ్యాయి, కానీ గాజుల్ని తొడిగి పెట్టే ఇనుప కడ్డీల స్టాండ్లు కాలవు కదా. మా అంగట్లో పిల్లోడు ఆ మసిలో కూర్చుని ఒక్కో స్టాండూ ఏరి, గోడవారగా వరసబెట్టి, వాటి పక్కన చాక్‌పీసుతో నంబర్లు వేశాడు. 212 స్టాండ్లు. ఒక్కోదానికి ఎన్ని డజన్లు పడతాయో అందరికీ తెలిసిన లెక్కే. పేపర్ల మీద ఎంత వాదించినా తేలనిది ఆ ఫొటోతో తేలింది. మీ వ్యాపారంలో కాలనిది ఏముందో ఆలోచించండి. బట్టలంగడిలో జిప్పులు, హుక్కులు, హ్యాంగర్ల కొక్కేలు. చెప్పులంగడిలో బకిల్స్. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల షెడ్డయితే మగ్గం ఇనుము అంతా అక్కడే ఉంటుంది.

వీడియో తీసేటప్పుడు వీధిలోంచి మొదలుపెట్టి, బోర్డు, డోర్ నంబర్ కనబడేలా లోపలికి వెళ్లి, ఆపకుండా ఒకే వరుసలో తీయండి. తీసిన ఫోన్ మార్చకండి, అమ్మకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం ఫోన్లోవి సాక్ష్యంగా పెట్టాలంటే దానికో సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, ఒరిజినల్ ఉంటే గొడవ లేదు.

రాత్రిళ్లు కాపలా పెట్టండి. కాలిపోగా మిగిలింది ఎత్తుకుపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇప్పుడు చిన్న వ్యాపారాలకి ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో ప్రమాదం వల్ల జరిగిన దొంగతనానికి కూడా కవర్ ఉంది, కానీ 7 రోజుల లోపు జరిగితేనే. మీది ఏ పాలసీయో తెలియకపోతే ఇప్పుడే తీసి చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఒక చోట ఉన్న మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల దాకా అయితే ఇది, ఆపైన 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష, ఇళ్లకి భారత్ గృహ రక్ష.

కాగితాలు కూడా కాలిపోతే

కంప్యూటర్ కాలిపోయింది, బిల్లు బుక్కులు పోయాయి, ఇక ఏం చూపిస్తాం అని చాలామంది చేతులెత్తేస్తారు. అక్కర్లేదు. జీఎస్టీ పోర్టల్లో మీ రిటర్నులన్నీ ఉన్నాయి, మీకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు అక్కడే జీఎస్టీఆర్-2బీ అనే పట్టీలో కనబడతాయి. ఈ-వే బిల్లులు ఉన్నాయి. ఆడిటర్ దగ్గర టాలీ బ్యాకప్ ఉంటుంది. నేను ఫిరోజాబాద్ పార్టీలకి ఫోన్ చేసి లెడ్జర్ కాపీ సంతకంతో తెప్పించుకున్నా, బాకీ ఉన్నవాళ్లకి ఆ కాగితం ఇంకా తొందరగా పంపిస్తారు లెండి.

ఇంట్లో ప్రమాదం జరిగి దస్తావేజులు కాలితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ, ఈసీ తీసుకోండి. ప్రభుత్వ ఆఫీసులో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండలేం, 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లే కాలిపోయాయి. భూమి కాగితాలన్నిటికీ స్కాన్ కాపీ ఒకటి ఊళ్లోనే లేని చుట్టాల దగ్గర ఉంచడం మంచిది.

కష్టమైన మాట ఒకటి. మనలో చాలామంది బ్యాంకుకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో లోన్ లిమిట్ కోసం సరుకు ఎక్కువ చూపిస్తాం, ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకి తక్కువ చూపిస్తాం. సర్వేయర్ రెండూ తెప్పించి పక్కపక్కన పెడతాడు. అప్పుడు ఏది నిజమన్నా రెండోది అబద్ధమవుతుంది. కాలక ముందే సరిచేసుకోవాల్సింది అది. కాలిన తర్వాత మాత్రం ఒక్క దొంగ బిల్లు కూడా కలపకండి, మోసం అని తేలితే న్యాయంగా రావాల్సింది కూడా పోతుంది.

సర్వేయర్‌తో

లక్ష దాటిన నష్టానికి లైసెన్స్ ఉన్న సర్వేయర్ రావాల్సిందే, ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 64యూఎం అది. 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని వేయాలి, 15 రోజుల్లో రిపోర్టు, అది అందిన 7 రోజుల్లో నిర్ణయం. వాస్తవంలో ఎన్నాళ్లు పడుతుందో అనుభవించినవాళ్లకి తెలుసు, కానీ మెయిల్లో ఈ గడువులు గుర్తుచేస్తూ ఉండండి, రేపు వడ్డీ అడగడానికి పనికొస్తాయి.

ఆయన అడిగిన ప్రతి కాగితాన్నీ కవరింగ్ లెటర్‌తో, వరుస నంబర్లు వేసి, మెయిల్లో ఇవ్వండి. చేతికిచ్చి నమస్కారం పెట్టి వస్తే ఆ తర్వాత "డాక్యుమెంట్లు ఇవ్వలేదు" అని క్లెయిమ్ మూసేస్తారు.

సరుకు విలువ ఎలా కడతారో తెలుసుకోండి, తక్కువ చేసేది ఇక్కడే. అమ్మే ధర లెక్కలోకి రాదు, కొన్న ధరే. మా మార్చి 31 లెక్క ఇంకా ఆడిట్ కాలేదు కాబట్టి ఆయన అంతకుముందు ఏడాది నుంచి మొదలుపెట్టాడు. ఆరంభ స్టాక్ 18 లక్షలు, అప్పటి నుంచి కొన్నది 62 లక్షలు, కలిపితే 80. అమ్మకాలు 75 లక్షలు. అందులో లాభం తీసేస్తే అమ్ముడుపోయిన సరుకు ఖరీదు వస్తుంది, మిగిలింది అంగట్లో ఉన్నట్టు. లాభం 20 శాతం అనుకుంటే అమ్ముడుపోయింది 60 లక్షల సరుకు, ఉన్నది 20 లక్షలు. ఆయన "ఈ వ్యాపారంలో 12 శాతమే ఉంటుంది" అని తనే వేసేశాడు, అమ్ముడుపోయింది 66 లక్షలు, ఉన్నది 14. లాభం శాతం అనే ఆ ఒక్క అంకె మారిస్తే ఆరు లక్షలు గాల్లో కలిసిపోయాయి. దాని మీద మళ్లీ పాత సరుకని 10 శాతం కోత. మూడేళ్ల ఇన్‌కం ట్యాక్స్ రిటర్నుల్లో మా లాభం 20 దగ్గరే ఉందని చూపించి, ఆ అంకె ఎక్కడిదో రాతలో అడిగాం. జవాబు రాలేదు. జవాబు రాకపోవడమే తర్వాత మాకు పనికొచ్చింది.

తక్కువకి ఇన్సూర్ చేసి ఉంటే ఇంకో దెబ్బ. 40 లక్షల సరుకు పెట్టుకుని 20 లక్షలకే పాలసీ తీసుకుని, 10 లక్షల సరుకు కాలితే వచ్చేది 5 లక్షలే, అందులోంచీ ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) పట్టుకుంటారు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో తేడా 15 శాతం లోపు ఉంటే ఈ కోత వేయకూడదు.

పాలసీలో అడ్రస్ చూడండి. పక్క సందులో గోడౌన్ ఉంటే దాని డోర్ నంబర్ పాలసీలో లేకపోతే అక్కడి సరుకుకి పైసా రాదు. బ్యాంకువాళ్లు ప్రీమియం కోసుకుని తప్పు అడ్రస్‌తో పాలసీ తీసుకున్న సందర్భాలు ఉన్నాయి, అలాంటప్పుడు కేసులో బ్యాంకుని కూడా ఒక పార్టీగా చేర్చండి. ఫర్నిచర్, ఏసీలు, ఇంటీరియర్ విడిగా రాయించకపోతే అవీ రావు. షార్ట్ అయిన మోటారుకి, ఫ్రిజ్జుకి రాదు కానీ దాని నుంచి పాకిన మంటకి కాలిన మిగతాదానికి వస్తుంది. జీఎస్టీ సంగతి కూడా ఆడిటర్‌ని అడగండి, కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ చట్టం ప్రకారం వెనక్కి కట్టాలి, అలా కట్టినట్టు చూపించి ఆ మొత్తాన్ని కూడా నష్టంలో కలపమని అడగొచ్చు.

కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ని కూడా పంపొచ్చు. ఆయన ప్రశ్నలు "నువ్వే పెట్టుకున్నావా" అన్నట్టే ఉంటాయి, కోపం తెచ్చుకోవద్దు. మీ వాంగ్మూలం మీరే రాసి, కాపీ ఉంచుకుని ఇవ్వండి, ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం చేయొద్దు. మంట ఎలా అంటుకుందో కచ్చితంగా తేలకపోయినా, పాలసీదారు పెట్టలేదంటే చాలు, కారణం ముఖ్యం కాదని 2023లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ముదిత్ రోడ్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరే పెట్టారంటే అది రుజువు చేయాల్సింది వాళ్లు.

బిల్డింగ్ ఓనర్‌తో

మా ఓనర్ ఆరోజు పొద్దున్నే వచ్చి భుజం మీద చేయి వేసి "ఏం సామీ ఇట్లయిపాయ" అన్నాడు. పదో రోజుకి, "నీ వైరింగ్ వల్లే నా మిద్దె పోయింది, అడ్వాన్స్ వదిలేసి తాళంచెవి ఇచ్చేయ్" అన్నాడు. అడ్వాన్స్ నాలుగు లక్షలు.

బిల్డింగ్ ఆయనది, దాని ఇన్సూరెన్స్ ఆయన చూసుకోవాలి. సరుకు మనది. ఆయన పాలసీ మన సరుకుకి రాదు, మనది ఆయన గోడలకి రాదు. ఇంకో మెలిక, ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఆయనకి డబ్బు కట్టేసి, తప్పు మనదని మన మీద దావా వేయొచ్చు. అందుకే కారణం గురించి ఆయనకి ఏదీ రాసివ్వొద్దు, వాట్సాప్‌లో సారీ కూడా వద్దు.

కాలిపోయింది కాబట్టి అద్దె ఒప్పందం దానంతటదే రద్దయిపోదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఇ) ప్రకారం వద్దనుకునే హక్కు అద్దెకున్నవాడిది, మంట అతని తప్పు వల్ల వచ్చి ఉంటే ఆ హక్కు ఉండదు. కట్టడం పోయినా అద్దెదారు హక్కు పోదని షాహా రతన్సీ ఖిమ్జీ కేసులో 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళంచెవి ఇచ్చేసి స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టేస్తే మాత్రం మీరే వదులుకున్నట్టు. ఉండాలనుకుంటే నోటీసు ఇప్పించండి, వెళ్లాలనుకుంటే అడ్వాన్స్ చేతికొచ్చిన రోజే తాళం ఇవ్వండి. మేం పెద్దమనుషుల్లో కూర్చుని మూడు లక్షలు తీసుకుని బయటికొచ్చాం. కోర్టుకి పోయి ఉంటే నాలుగూ వచ్చేవేమో కానీ ఒకేసారి రెండు కేసుల టెన్షన్ నా వల్ల కాలేదు.

తక్కువిచ్చినా, అసలు ఇవ్వకపోయినా

సర్వేయర్ రిపోర్టు కాపీ అడగండి, అది మీ హక్కు. ఆ రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంది. రిపోర్టు నచ్చలేదని కంపెనీ కారణం లేకుండా ఒకరి తర్వాత ఒకర్ని సర్వేయర్లని వేసుకుంటూ పోకూడదని అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో చెప్పింది. తిరస్కరిస్తే కారణాలతో ఉత్తరం ఇమ్మనండి. అందులో రాయని కొత్త కారణాన్ని తర్వాత వినియోగదారుల కమిషన్‌లో తేలేరు.

డిశ్చార్జ్ వోచర్, అంటే డబ్బు ముట్టిందని మనం రాసిచ్చే కాగితం, దాంతో జాగ్రత్త. "ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెడితేనే చెక్కు" అంటారు. చేతిలో డబ్బుల్లేక పెట్టేస్తాం. పెట్టినా, ఒత్తిడి మీద పెట్టామని చూపించగలిగితే మిగతాది అడగొచ్చని 1999లోనే అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో తీర్పుంది. కానీ చూపించేది ఎలా? సంతకానికి ముందు రోజు "ఇది తక్కువ, ఒప్పుకోవడం లేదు, అవసరం కొద్దీ తీసుకుంటున్నా" అని మెయిల్ పెట్టి ఉండాలి. ఆరు నెలల తర్వాత గుర్తొస్తే ఎవరూ నమ్మరు. నేను ఆ మెయిల్ పెట్టి 12 లక్షల చిల్లర తీసుకున్నా.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో గానీ 155255లో గానీ ఇంకొకటి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రెండు దారులు.

ఒకటి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి, మనకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. సొంత పేరు మీద ఉన్న అంగళ్లు, సూక్ష్మ సంస్థలు వెళ్లొచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆయన తీర్పు కంపెనీకి కట్టుబాటు, మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. కమిషన్‌లో ముందే కేసు వేసి ఉంటే మాత్రం ఈయన తీసుకోరు.

రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్, చిత్తూరులో ఉంది, తిరుపతిలోనూ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరుండే చోటే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. జిల్లా కమిషన్ తీసుకునే కేసులకి ఉన్న 50 లక్షల హద్దు చూసేది క్లెయిమ్ మొత్తాన్ని కాదు, కట్టిన ప్రీమియాన్ని, కాబట్టి మనలాంటివాళ్ల కేసులన్నీ జిల్లాలోనే. ఆ కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్లో వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి, "పరిశీలిస్తున్నాం" అనే మెయిళ్లు చూసుకుంటూ కూర్చుంటే గడువు కరిగిపోతుంది. "వ్యాపారస్తుడు వినియోగదారుడు కాడు" అని కంపెనీ వాదిస్తుంది, 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అదీ అగ్నిప్రమాద పాలసీ కేసే. అవతలివాళ్లు 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ తేదీ మీరే క్యాలెండర్‌లో రాసుకోండి.

మా కేసులో 12 శాతం అంకెకి ఆధారం చూపించమని కమిషన్ అడిగింది, వాళ్ల దగ్గర లేదు. స్టాండ్ల ఫొటో చూసి సభ్యురాలు "ఇవి లెక్కపెట్టింది ఎవరు?" అంది, మా పిల్లోడు అఫిడవిట్ ఇచ్చాడు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం వడ్డీతో ఇవ్వమన్నారు. కంపెనీ స్టేట్ కమిషన్‌కి అప్పీలుకి పోవాలంటే 45 రోజుల్లో వేయాలి, తీర్పు మొత్తంలో సగం ముందు కట్టాలి. వాళ్లు పోలేదు, అలాగని డబ్బూ వేయలేదు. అమలు కోసం మళ్లీ అదే కమిషన్‌లో పిటిషన్ వేశాక, వాయిదాకి రెండు రోజుల ముందు బ్యాంకు లోన్ ఖాతాలో పడింది. మా ఖాతాలో కాదు, పాలసీ మీద బ్యాంకు పేరుంటే డబ్బు ముందు అక్కడికే పోతుంది. లోన్ పోగా మిగిలింది మన ఖాతాకి మార్చమని ఆ రోజే వెళ్లి అర్జీ ఇవ్వండి, దాని మీద కూడా ముద్ర వేయించుకోండి.